భయానకం, హాస్యం: ‘చూడదగినది’ అనే తీర్పు చరిత్ర
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన)

ప్రవేశిక

దయ్యాల సినిమా చూడదగినదేనా? టీవీలో వచ్చే హాస్య కార్యక్రమం చూడదగినదేనా? ఇంట్లో, హాస్టల్లో, అధ్యాపకుల గదిలో కూడా తరచుగా వినిపించే ఈ ప్రశ్నలకు సాహిత్య పరిశోధనలో చోటు తక్కువ. ‘కాలక్షేపం’ అన్న ఒక్క మాటతో విమర్శ వీటిని పక్కన పెట్టింది. ఒక ప్రదర్శనను చూడదగినదనో కాదనో తేల్చే అధికారం ఎవరిది, ఏ ప్రమాణంతో తేల్చారు, ఆ ప్రమాణం కాలక్రమంలో ఎలా మారింది అని అడిగినప్పుడు మాత్రం ఇది అభిరుచికి సంబంధించిన చిన్న ప్రశ్నగా మిగలదు. సామాజిక చరిత్రకు చెందిన ప్రశ్న అవుతుంది.

ఈ వ్యాసం ఆ తీర్పు చరిత్రను పరిశీలిస్తుంది. పరిశీలనకు పూర్వపు నల్లగొండ జిల్లాకు చెందిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిసరాలను ఎంచుకోవడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఇది సరిహద్దు ప్రాంతం. నిజాం రాజ్యానికీ బ్రిటిష్ పాలిత మద్రాసు రాష్ట్రానికీ మధ్య గీత కోదాడ పరిసరాల్లోనే ఉండేది. 2014 జూన్ 2 తరువాత రెండు తెలుగు రాష్ట్రాల మధ్య గీత కూడా అక్కడే పడింది. రెండవది, తెలుగు జానపద చలనచిత్రానికి కథానాయకుడిగా పేరొందిన కాంతారావు కోదాడ సమీపంలోని గుడిబండలో 1923లో జన్మించారు. మూడవది, సాయుధ పోరాటం నడిచిన ఈ నేలమీద భయమూ నవ్వూ వేదికమీది రసాలుగా మాత్రమే లేవు, బతుకులో భాగాలుగా ఉన్నాయి.

భయానకానికీ హాస్యానికీ వేర్వేరుగా విలువ కట్టడం వల్ల విమర్శ రెండింటినీ సరిగా అర్థం చేసుకోలేదనీ, వాటిని జంటగా చూసినప్పుడే సరైన ప్రమాణం దొరుకుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

శాస్త్రం ఇచ్చిన స్థానం

భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం ఎనిమిది రసాలను చెప్పింది. వాటిలో శృంగార, రౌద్ర, వీర, బీభత్సాలు మూలరసాలు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయి. అంటే మన చర్చలోని రెండు రసాలూ శాస్త్రదృష్టిలో జన్యరసాలే. ఇక్కడితో ఆగితే ఇది వర్గీకరణ మాత్రమే. కాని శాస్త్రం మరో మెట్టు ముందుకు వెళ్లింది. హాస్యం ఎక్కువగా స్త్రీలలోనూ నీచప్రకృతులలోనూ కనిపిస్తుందని చెప్పింది. భయమనే స్థాయీభావాన్ని కూడా స్త్రీ, నీచ ప్రకృతులకే కేటాయించింది. నవ్వును ఆరు విధాలుగా విభజించి, స్మిత హసితాలు ఉత్తములకూ, విహసిత ఉపహసితాలు మధ్యములకూ, అపహసిత అతిహసితాలు అధములకూ చెందుతాయంది. పళ్లు కనబడకుండా చిరునవ్వు నవ్వేవాడు ఉత్తముడు, కళ్లవెంట నీళ్లు కారేలా పగలబడి నవ్వేవాడు అధముడు. నవ్వే తీరు మనిషి అంతస్తుకు గుర్తు అయింది.

ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పేటప్పుడు కూడా ఇదే చూపు కనబడుతుంది. బాలురు, మూర్ఖులు, స్త్రీలు హాస్యంతోనూ వేషధారణతోనూ తృప్తి పొందుతారని ఇరవై ఏడవ అధ్యాయం అంటుంది. రసం మీద ఇచ్చిన తీర్పు ఆ రసాన్ని ఇష్టపడే మనుషుల మీద తీర్పుగా మారిన తొలి సందర్భాలలో ఇదొకటి. ‘అది నేలక్లాసు సినిమా’, ‘అది ఆడవాళ్లు చూసే కార్యక్రమం’ అనే నేటి వ్యాఖ్యలకు ఇంత దీర్ఘమైన పూర్వచరిత్ర ఉంది.

అయితే శాస్త్రంలో ఈ జాడకు విరుద్ధమైన మరో జాడ కూడా ఉంది. ప్రదర్శన సిద్ధిని నిర్ణయించడానికి అదే అధ్యాయం ప్రాశ్నికులను ఏర్పాటు చేసింది. యాజ్ఞికుడు, నర్తకుడు, ఛందోవేత్త, వైయాకరణుడు, రాజు, ధనుర్విద్యా నిపుణుడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు అని పదిమంది. ఎవరికి తెలిసిన విషయంలో వారు తీర్పరులు. శృంగారోపచారాల విషయంలో వైయాకరణుని మాట చెల్లదు, వేశ్య మాటే చెల్లుతుంది. తీర్పు చెప్పే అధికారం పుట్టుకతో కాక అనుభవంతో వస్తుందనే సూత్రం ఇందులో ఉంది. ఈ సూత్రాన్ని భయానక హాస్యాలకు వర్తింపజేస్తే, దయ్యం కథ విలువను తేల్చడానికి చీకటంటే భయపడుతూ పెరిగినవారి సాక్ష్యం కావాలి. పరిహాసం విలువను తేల్చడానికి ఆ పరిహాసానికి గురైనవారి సాక్ష్యం కావాలి. మన విమర్శ ఈ రెండో జాడను అంతగా అనుసరించలేదు.

అభినవగుప్తుని వ్యాఖ్యలో మరొక ఉపయోగకరమైన భావన ఉంది. ఏ రసమైనా తన ఔచిత్యాన్ని కోల్పోయి ఆభాసగా మారితే అది హాస్యానికి కారణమవుతుందని ఆయన అభిప్రాయం. భయపడనవసరం లేనిచోట భయపడేవాడిని చూసి నవ్వుతాం. భయపెట్టవలసినది భయపెట్టలేకపోయినా నవ్వుతాం. నేడు ‘హారర్ కామెడీ’ అని పిలుస్తున్న ప్రక్రియకు సైద్ధాంతికమైన పునాది ఇక్కడ దొరుకుతుంది. అది దిగుమతి సరుకు అనే అభిప్రాయాన్ని పునఃపరిశీలించడానికి ఈ ఒక్క ఆధారం చాలకపోవచ్చు. మన ప్రదర్శనకళల ఆధారం కూడా చూడాలి.

బొమ్మలాట, భాగోతం, జాతర

తోలుబొమ్మలాటలో రావణుడో మైరావణుడో తెర నిండా నిలిచి పిల్లలను హడలెత్తించిన తరువాత జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి వస్తారు. కథకూ వారికీ సంబంధం ఉండనక్కరలేదు. వారి సంభాషణలో మోటుదనం ఉంటుంది, ఊరి పెద్దలమీద విసుర్లు ఉంటాయి, అప్పటికప్పుడు పుట్టిన మాటలు ఉంటాయి. రాత్రంతా సాగే ఆటలో ప్రేక్షకుడు నిద్రపోకుండా ఉండడానికి ఇది ఉపాయమని సాధారణంగా వివరిస్తారు. ఆ వివరణ నిజమే కాని చాలదు. భయంవల్ల బిగిసిన మనసును సడలించి మళ్లీ కథలోకి పంపే పని కూడా ఈ పాత్రలదే. పండిత పరిశోధనలో రామాయణ కథాభాగానికి దక్కిన శ్రద్ధ ఈ భాగానికి దక్కలేదు. రాతలోకి ఎక్కించడానికి మోటుమాట అడ్డం వచ్చింది.

తెలంగాణ చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ పాత్ర ఇలాంటిదే. రాజు కొలువులో సేవకుడిగా ఉంటూ రాజునే ఆటపట్టించగల పాత్ర అది. చిందు కళాకారులు సామాజికంగా అట్టడుగున ఉన్నవారు. ఊరివారిని మామూలు రోజుల్లో పల్లెత్తు మాట అనలేనివారు వేషం కట్టిన రాత్రి అనగలిగేవారు. నవ్వు వారికి దక్కిన తాత్కాలికమైన హక్కు. పగటివేషాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

భయం వైపు చూస్తే సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర కనిపిస్తుంది. రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతరకు యాదవులతోపాటు అనేక కులాలవారు వస్తారు. ‘ఓ లింగా’ అనే కేక, డప్పుల మోత, పూనకం, బలి ఇవన్నీ కలిసిన ఆ వాతావరణంలో భయం ఉంది. అది విడిగా అనుభవించే భయం కాదు, పదిమందితో కలిసి పంచుకునే భయం. పూనకం వచ్చిన స్త్రీ ముందు ఇంటి మగవారు చేతులు కట్టుకుని నిలబడతారు. రోజూ భయపడే మనిషి ఆ కాసేపు భయపెట్టే మనిషి అవుతుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. శాస్త్రం భయాన్ని కేటాయించిన స్త్రీకే ఇక్కడ భయపెట్టే శక్తి లభించిందన్న సంగతిని గుర్తించడం పరిశోధకుని పని. ఈ తారుమారు తరువాతి కాలపు సినిమాలను అర్థం చేసుకోవడానికి కీలకం.

గీతకు ఇటూ అటూ: అనుమతి అనే తీర్పు

ఇరవయ్యో శతాబ్ది తొలి అర్ధభాగంలో ‘చూడదగినది’ అనే తీర్పును రాజ్యం తన చేతిలోకి తీసుకున్నది. కోదాడ పరిసరాల్లో ఈ మార్పు రెండు రూపాల్లో కనబడుతుంది. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మధ్యలో ద్వీపంలా ఉన్న మునగాల పరగణా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందినది. కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసిన సంస్థానం అదే. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. అందుచేత కొద్ది మైళ్ల వ్యవధిలో రెండు చట్టాలు అమలులో ఉండేవి. నిజాం రాజ్యంలో సభలూ సమావేశాలూ జరపడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన 53వ నంబరు గష్తీ ఉండేది. ఆంధ్ర మహాసభ దీని రద్దును పదేపదే కోరింది. బ్రిటిష్ భూభాగంలో 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ఉండేది. పరువునష్టం కలిగించేదీ, ప్రభుత్వంపై ద్వేషం రేపేదీ, ప్రేక్షకుల నడతను చెడగొట్టేదీ అయిన ప్రదర్శనను నిషేధించే అధికారం అది ఇచ్చింది.

ఈ చట్టాల చూపులో ఒక ప్రదర్శన విలువ రసనిష్పత్తిలో లేదు, దాని పర్యవసానంలో ఉంది. చూసినవాడు రేపు ఏం చేస్తాడు అన్నదే ప్రశ్న. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించడం ఈ చూపు ఫలితమే. నాటకం నడిచిన ఇతివృత్తం తెలంగాణ రైతు పోరాటం. దాన్ని ప్రదర్శించిన ప్రజానాట్యమండలి వేదికలు ఎక్కువగా ఆంధ్ర ప్రాంతంలో ఉన్నవి. ఇటు జరుగుతున్న దాన్ని అటు చూడకూడదని తీర్పు.

సాయుధ పోరాట కాలంలో ఇటువైపు ప్రదర్శన వేరే దారి పట్టింది. సుద్దాల హనుమంతు వంటి కళాకారులు గొల్లసుద్దులు, బుడబుక్కల, పగటివేషం వంటి పాత రూపాలలో కొత్త విషయాన్ని నింపారు. గొల్లసుద్దులలో ప్రధాన కథకునికీ వంతవారికీ మధ్య నడిచే ఎకసెక్కెం దొరల అకృత్యాలను ఎండగట్టడానికి పనికివచ్చింది. ఆనాటి పల్లెల్లో వెట్టి చేసే మనిషికి దయ్యం కన్నా దొర అంటేనే భయం ఎక్కువ. గడీ ముందునుంచి చెప్పులు తొడుక్కుని నడవలేని మనిషి దొర నడకను అనుకరించే వేషగాణ్ని చూసి నవ్వినప్పుడు భయం పట్టు సడలుతుంది. హాస్యం భయాన్ని మరిపించడం ఒక పని, భయాన్ని తొలగించడం మరో పని. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలలో పోరాట సాంస్కృతిక రూపాలు ఈ రెండో పనిని చేశాయి. అందువల్లనే ఆ నవ్వు పాలకులకు ప్రమాదకరంగా తోచింది.

నేల టికెట్టు తీర్పు: జానపద చిత్రం, కాంతారావు

తెలుగు సినిమా తన భయానకాన్నీ హాస్యాన్నీ చాలావరకు వేదిక నుంచే తీసుకుంది. పొగ, మంట, మాయమయ్యే మనుషులు వంటి చమత్కారాలను సురభి సమాజాలు అప్పటికే ఊరూరా చూపించి ఉన్నాయి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు పోషించిన నేపాళ మాంత్రికుడు భయంకరుడు. అతని పక్కనే పద్మనాభం పోషించిన శిష్యుడు సదాజప హాస్యగాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు రాక్షసుడై ఉండి కూడా నవ్వించాడు. భయపెట్టేవాని పక్కన నవ్వించేవాణ్ని నిలబెట్టే పద్ధతి బొమ్మలాటలో రావణుని తరువాత జుట్టుపోలిగాడు వచ్చే పద్ధతికి కొనసాగింపే.

ఈ పద్ధతిని తక్కువ ఖర్చుతో, ఎక్కువ వేగంతో కొనసాగించిన దర్శకుడు బి. విఠలాచార్య. ఆయన 1959లో తీసిన ‘జయవిజయ’ మొదలుకొని ‘మదన కామరాజు కథ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ వంటి చిత్రాలలో కాంతారావు కథానాయకుడు. గుడిబండలో పుట్టి, హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘నిర్దోషి’ ద్వారా 1951లో తెరకు పరిచయమై, ‘ప్రతిజ్ఞ’తో నాయకుడైన కాంతారావుకు ప్రేక్షకులు ‘కత్తి కాంతారావు’ అని పేరు పెట్టారు. 1963 నాటి ‘లవకుశ’లో లక్ష్మణుడుగా, అనేక పౌరాణికాలలో నారదుడుగా మెప్పించినప్పటికీ ఆయన పేరు జానపద చిత్రంతోనే ముడిపడింది.

ఈ చిత్రాల మీద రెండు తీర్పులు వెలువడ్డాయి. నేలమీదా బెంచీమీదా కూర్చున్నవారు వాటిని పదేపదే చూశారు. సినిమా చరిత్ర రాసినవారిలో పలువురు మాత్రం వాటికి పౌరాణికానికీ సాంఘికానికీ ఇచ్చిన స్థానం ఇవ్వలేదు. పౌరాణికానికి పురాణం గౌరవం తెచ్చింది, సాంఘికానికి సమస్య గౌరవం తెచ్చింది. దయ్యాన్నీ మాంత్రికుణ్నీ నమ్ముకున్న జానపదానికి ఆ రెండూ లేవు. కాంతారావుకు ప్రభుత్వపు రఘుపతి వెంకయ్య పురస్కారం 2000 నాటికి గాని అందలేదు. 2009 మార్చిలో ఆయన మరణించారు. ఒక నటుడి కీర్తి ఆయన నటించిన ప్రక్రియ అంతస్తుతో ఎంతగా ముడిపడుతుందో చెప్పడానికి ఇది ఉదాహరణ.

ఇక్కడ స్థలం పాత్ర కూడా ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల సాగు స్వరూపం మారింది. వరి పెరిగింది, మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా ఎదిగింది. పంట డబ్బు, కూలి డబ్బు, మిల్లు హమాలీల రోజువారీ సంపాదన వినోదానికి కొత్త గిరాకీని తెచ్చాయని భావించవచ్చు. సినిమా వ్యాపారంలో ఈ ప్రాంతం నైజాం ఏరియా కింద లెక్క. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే కృష్ణా ఏరియా లెక్క వేరు. రాజ్యం గీసిన పాత గీతనే వ్యాపారం వసూళ్ల పట్టికలో భద్రపరచుకుంది. శాస్త్రం రసాన్ని బట్టి, రాజ్యం పర్యవసానాన్ని బట్టి తీర్పు చెప్పగా, మార్కెట్టు ఎన్ని రోజులు ఆడిందన్న దాన్ని బట్టి తీర్పు చెప్పింది.

1978లో విఠలాచార్య తీసిన ‘జగన్మోహిని’ ఈ దశకు శిఖరం. మోహిని పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేసే దృశ్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దృశ్యం భయం కలిగిస్తుంది, నవ్వూ తెప్పిస్తుంది. ఇంకొక అర్థం కూడా అందులో దాగి ఉంది. ఇంటి చాకిరీలో కాళ్లూ చేతులూ కాల్చుకునే స్త్రీ అనుభవాన్ని అది అక్షరాలా తెరమీద పెట్టింది. దర్శకుడు ఆ అర్థాన్ని ఉద్దేశించాడని చెప్పడం నా అభిమతం కాదు. ప్రేక్షకురాలికి ఆ అర్థం స్ఫురించే అవకాశం ఆ దృశ్యంలో ఉందనడమే నా అభిమతం.

క్షుద్ర సాహిత్య వివాదం, చేతబడి వాస్తవం

భయానకం విలువపై తెలుగులో జరిగిన గట్టి చర్చ సినిమా చుట్టూ కాదు, నవల చుట్టూ జరిగింది. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ విశేషమైన పాఠకాదరణ పొందింది. చేతబడి ఇతివృత్తంగా గల ఆ రచనల వరుసను విమర్శకులు ‘క్షుద్ర సాహిత్యం’ అన్నారు. రంగనాయకమ్మ ‘తులసిదళం’ను ఖండిస్తూ ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని శాస్త్రీయతతో సమానంగా నిలబెట్టి పాఠకుణ్ని అయోమయంలో వదలడం అపచారమన్నది ఆ వర్గం వాదన. ఉత్కంఠ కలిగించే కథను కథగానే చదవాలన్నది అభిమానుల వాదన.

తెలంగాణ పల్లెలను దృష్టిలో పెట్టుకుంటే ఈ వివాదానికి బరువు పెరుగుతుంది. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టడం, పళ్లు ఊడబెరకడం, సజీవ దహనం చేయడం ఇక్కడ జరిగిన వాస్తవాలు. అనుమానానికి గురైనవారు సాధారణంగా బలహీనులు: ఒంటరి స్త్రీలు, వృద్ధులు, పేద కులాలవారు. అలాంటిచోట తెరమీద మాంత్రికుడి పూజ ఫలించినట్లు చూపితే, ఇంటి పక్కన ఉన్న ముసలమ్మ మీద పడే చూపు మారదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కేబుల్ టెలివిజన్ నియమావళి 1994లోనే మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలను కూడదన్నది. నియమం ఉన్నా దాన్ని ఏ దృశ్యానికి ఎలా వర్తింపజేయాలన్నది విమర్శ తేల్చవలసిన విషయం.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. దయ్యాన్ని చూపిన ప్రతి చిత్రమూ మూఢత్వాన్ని పెంచదు. భయం ఎవరి నుంచి వస్తున్నదో చూడాలి. 2009 నాటి ‘అరుంధతి’లో మంత్రశక్తి ఉన్న పశుపతి అంతకుముందే స్త్రీలపై అత్యాచారాలు చేసిన సంస్థానపు మనిషి. కథ గద్వాల సంస్థాన నేపథ్యంలో నడుస్తుంది. అక్కడ ప్రేతభయం కింద ఉన్నది గడీ భయమే. ఆ చిత్రంలో అతిశయోక్తులు ఎన్ని ఉన్నా, భయాన్ని బలవంతుని వైపు తిప్పింది. దీనికి భిన్నంగా, వికారమైన వేషంలో ఉన్న పేదవాణ్నో, తల విరబోసుకున్న ఒంటరి స్త్రీనో భయకారణంగా నిలిపే చిత్రాలు సమాజంలో ఉన్న అనుమానానికి బొమ్మ కట్టి ఇస్తాయి. శాస్త్రం స్త్రీ, నీచ ప్రకృతులను భయపడేవారిగా చూపింది. ఈ రకం సినిమా వారినే భయపెట్టేవారిగా చూపింది. జాతరలో పూనకం వచ్చిన స్త్రీకి గౌరవం దక్కింది, తెరమీద ఆమెకు దక్కింది దహనమే. రెండూ భయానకాలే అయినా విలువలో ఒకటి కావు.

నవ్వు ఎవరి మీద

హాస్యానికి కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో తెలంగాణ మాట ప్రతినాయకుడికో, పనివాడికో, హాస్యపాత్రకో దక్కింది. నాయకుడు మాట్లాడేది ప్రమాణభాష, నవ్వించేవాడు మాట్లాడేది మన ఇంటిభాష. కోదాడ ప్రాంతంలో చదువుకునే రోజుల్లో ఒక సినిమాలో అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్లే మాట్లాడిన పాత్రను చూసి హాలంతా నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి అమ్మమ్మ ‘ఏం సిన్మ జూసినవ్ బిడ్డా’ అని అడిగినప్పుడు ఆ నవ్వు గుర్తుకువచ్చి జవాబు చెప్పలేకపోయాను. నాట్యశాస్త్రం ఆత్మస్థ, పరస్థ భేదాలను చెప్పింది: తాను నవ్వడం ఒకటి, ఇతరులను నవ్వించడం ఒకటి. నవ్వుతున్నవాడే తెలియకుండా నవ్వులపాలయ్యే మూడో స్థితిని ఆ విభజన పట్టుకోలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకాలంలో భాషాగౌరవం ఒక ప్రధాన అంశం కావడానికి ఈ మూడో స్థితి అనుభవం ఒక కారణం.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ చిత్రం తెలంగాణ పలుకుబడిని పరిహాసానికి కాక వేదనకూ తిరుగుబాటుకూ భాషగా వాడింది. అయినా ప్రధాన స్రవంతిలో మార్పు రావడానికి చాలాకాలం పట్టింది. వార్తలను తెలంగాణ మాటలో వ్యంగ్యంగా చెప్పే టీవీ కార్యక్రమాలు, ‘పెళ్లిచూపులు’ (2016), ‘ఫిదా’ (2017), ‘బలగం’ (2023) వంటి చిత్రాలు ఆ మార్పుకు గుర్తులు. భాష అదే, నవ్వూ ఉంది. నవ్వు భాష మీద కాక మనిషి పరిస్థితి మీద నుంచి పుడుతున్నది. ‘బలగం’లో చావింటి చుట్టూ పుట్టే హాస్యం ఆ ఇంటివారిని చిన్నబుచ్చదు.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ హాస్యాన్ని పోటీగా మలిచింది. జట్లు ఆడతాయి, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. రూపంలో ఇది నాట్యశాస్త్రపు ప్రాశ్నిక పద్ధతికి దగ్గరగా ఉన్నది. మానుషీ సిద్ధికి చెప్పిన చిరునవ్వు, అట్టహాసం, భళా అనే కేక వంటి గుర్తులన్నీ ఇక్కడ కనిపిస్తాయి. చిన్న ఊళ్ల నుంచి వచ్చిన అనేక నటులకు ఇది వేదిక ఇచ్చింది. ఇది నిర్లక్ష్యం చేయదగిన విషయం కాదు. స్థానం నరసింహారావు కాలం నాటి స్త్రీపాత్రధారణ విద్య కూడా మరో రూపంలో ఇక్కడ కొనసాగింది. అయితే స్థానంవారి స్త్రీపాత్రలో ప్రేక్షకుడు స్త్రీని చూశాడు. ఇక్కడి లేడీ గెటప్పులో తరచుగా స్త్రీని వెక్కిరించడం చూస్తున్నాడు. పొట్టితనం, లావు, రంగు, నత్తి, భార్య అనుమానం ఇవి నవ్వుకు ముడిసరుకులయ్యాయి. బుడ్డర్‌ఖాన్ కిందినుంచి పైకి నవ్వాడు. ఈ పద్ధతిలో నవ్వు తరచుగా పైనుంచి కిందికి జారుతున్నది. ఆపైన మార్కులు వేసే పీఠం మీద, పరిహాసానికి గురైనవారి ప్రతినిధి లేరు.

భయాన్నీ నవ్వునూ తిరిగి కలిపిన ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015), ‘ఆనందో బ్రహ్మ’ (2017) వంటి చిత్రాలను ఈ నేపథ్యంలో చూడాలి. మనుషులను చూసి దయ్యాలు భయపడే ‘ఆనందో బ్రహ్మ’ అభినవగుప్తుడు చెప్పిన ఆభాసకు చక్కని ఉదాహరణ. భయాన్ని తలకిందులు చేసి, దాని మీద మనకున్న నమ్మకాన్ని ప్రశ్నించగల శక్తి ఈ ప్రక్రియలో ఉంది. చేతబడి అనుమానాలు మిగిలి ఉన్న సమాజంలో ఆ శక్తి చిన్నది కాదు. అన్ని చిత్రాలూ దాన్ని వాడుకోలేదు. కొన్ని భయాన్ని కాసేపు నవ్వుతో పక్కకు నెట్టి చివరలో పాత నమ్మకాన్నే స్థిరపరిచాయి.

ముగింపు

పై పరిశీలనలో నాలుగు రకాల తీర్పులు కనిపించాయి. శాస్త్రం రసపు అంతస్తును చూసింది. రాజ్యం పర్యవసానాన్ని చూసి అనుమతి ఇచ్చింది, నిరాకరించింది; 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద నేడు వయసును బట్టి ఇస్తున్న ధ్రువపత్రాలు ఆ చూపుకు మెత్తబడిన రూపం. మార్కెట్టు టికెట్లనూ వీక్షకుల సంఖ్యనూ లెక్కించింది. విమర్శ ఇతివృత్తపు గౌరవాన్ని కొలిచింది. ఈ నాలుగింటిలోనూ లోపించినది ఒకటే: ఆ భయానికీ ఆ నవ్వుకూ గురైన మనిషి సాక్ష్యం.

దాన్ని చేర్చుకుంటే రెండు సరళమైన ప్రశ్నలు ప్రమాణాలవుతాయి. ఈ ప్రదర్శన మనకు ఎవరిని చూసి భయపడమంటున్నది? ఎవరిని చూసి నవ్వమంటున్నది? బలవంతుని వైపు భయాన్నీ, అహంకారం వైపు నవ్వునూ తిప్పినది, దాని సాంకేతిక స్థాయి ఎలా ఉన్నా, చూడదగినదే. ఊరి చివర ఒంటరి గుడిసె వైపు భయాన్నీ, ఇంట్లో అమ్మమ్మ మాట వైపు నవ్వునూ తిప్పినది ఎంత నేర్పుగా తీసినదైనా పరీక్షకు నిలవదు. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే ప్రదర్శనలో భిన్నమైన జవాబులు దొరకవచ్చు. అటువంటప్పుడు మొత్తాన్ని మెచ్చడమో తోసివేయడమో కాక, ఏ దృశ్యం ఏ వైపు నిలిచిందో విడదీసి చెప్పడమే విమర్శకుని బాధ్యత.

ఈ ప్రమాణం కొత్తది కాదు. దొర నడకను అనుకరించిన వేషగాణ్ని చూసి నవ్విన సూర్యాపేట పల్లెవాసులకు ఇది తెలుసు. గుడిబండ నుంచి వెళ్లిన కథానాయకుడు మాంత్రికుణ్ని కత్తితో ఎదిరించినప్పుడు నేలమీద కూర్చుని ఈల వేసిన కూలివానికి కూడా ఇది తెలుసు. తెలుగు శాఖలు జానపద చిత్రాన్నీ, బొమ్మలాటలోని మోటు హాస్యాన్నీ, టీవీ హాస్యాన్నీ పాఠ్యంగా స్వీకరించి, చూసినవారి మాటలను సేకరించి భద్రపరిస్తే, ఈ తీర్పు చరిత్రలో ఇంతవరకు నమోదు కాని ప్రాశ్నికుల గొంతు కూడా చేరుతుంది.